పొట్టేలుకు కుట్టిన పరుపు

కాశింబీకి ఉన్న భయాలన్నిటిలోకీ పెద్దది ఒకటే. కదిలే బండిలో, ఏదో ఒక గతుకు దగ్గర, ఒళ్ళోని బిడ్డ తన చేతిలోంచి జారి రోడ్డు మీద పడిపోతుందని. పరుపులు కుట్టే దబ్బనం పట్టి పట్టి ఆమె కుడిచేతి వేళ్లు మొద్దుబారిపోతాయి. కాన్పు తర్వాత అది మరీ ఎక్కువైంది. బిందె ఎత్తుకుని వస్తుంటే ఉన్నట్టుండి వేళ్లు తనవి కాకుండా పోతాయి, బిందె జారుతుంది. బిందెకు సొట్ట పడితే అత్త నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటుంది. బిడ్డ సంగతి అట్లా కాదు గదా. ఈ వేళ్ల మాట ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆదోనిలో జిన్నింగు మిల్లుల వెనక సందులో ఉన్న ఆ దూదేకుల ఇంట్లో మగవాళ్లు దూది ఏకితే ఆడవాళ్లు పరుపులు కుడతారు. చేయి పని చేయదని తెలిశాక ఆ కోడలి మాట ఎవరి చెవికి ఎక్కుతుంది?

ఎనభై రెండో సంవత్సరం, పత్తి సీజను ముగింపుకు వస్తున్న రోజులు. సోమవారం సాయంత్రం అందరూ వాకిట్లో చేరారు. కాశింబీ బిడ్డ మౌలాబీకి పుట్టెంట్రుకలు తీయించాలి. ఎమ్మిగనూరు దాటాక వాగు పక్కన ఉన్న దర్గాలో పొట్టేలును కోసి, బంధువులకు కందూరు అన్నం పెడతామని మొక్కు. బేస్తవారం పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావాలి. రోజూ మిల్లుల కూతతో లేచే ఊరు విడిచి ఒక్కదినం బయటపడేది ఏడాదికి ఇదొక్కటే గనుక, ఎట్లా పోవాలన్నది పెద్ద పంచాయితీ అయింది.

"బస్సులో పోతే సుకంగా ఉంటాది" అన్నాడు కాశింబీ భర్త జిలాని, మిల్లు నుంచి వచ్చి కనురెప్పల మీది దూది ఇంకా దులుపుకోకుండానే.

"పోవచ్చు. పొట్టేలుకు టికెట్టు కొట్టి కిటికీ పక్కన కూచోబెడతాడు కండక్టరు" అన్నాడు మాబు సాబ్. అతను జిలానికి అన్న, ఇంటికి పెద్ద. మాట అనేసి మీసం కింద నవ్వుకోవడం అతని అలవాటు.

"లారీ అడగకపోయినావా?"

"యార్డు కాడ చూడు పో. పత్తి ఏసుకోని బారులు బారులుగా నిలబడినాయి. ఈ దినాల్లో డ్రైవర్లు మనకల్లా తిరిగి కూడా చూడరు."

"మెటాడోరు?" అంది షాహిదాబీ. మాబు సాబ్ భార్య.

"అది పెండ్లికొడుకులకు మే. నీకింగో పెండ్లి చేస్తే అప్పుడు మాట్లాడ్తాలే."

"చేసేవాడివి ఆయప్పనన్నా మంచోన్ని చూడు" అంది షాహిదాబీ. వాకిలంతా నవ్వింది.

అత్త దస్తగిరమ్మ గుమ్మంలో కూర్చుని పాత పరుపు గలీబు కుట్లు విప్పుతోంది. "మేం ఎద్దులబండ్లు కట్టుకోని ముందుదినమే పోతాంటిమి" అంది తలెత్తకుండా. "దోవ పొడుగునా మాట్లాడుకుంటా."

"ఎద్దులు ఇప్పుడు ఎవురికుండాయి మా. తిమ్మన్న ట్రాక్టరు చెప్పేసినా." మాబు సాబ్ మోకాళ్ల మీద చేతులు ఆనించి, అంతకుముందే తేల్చేసిన సంగతిని ఇప్పుడు బయటపెట్టాడు. "పెద్దకడుబూరు నుంచి పత్తి తెస్తాడు. బుధవారం యార్డులో దించి, బేస్తవారం తెల్లారికి మన వాకిట్లో ఉంటాడు. వంట డేగిసాలు, కట్టెలు, బియ్యం, జనం, అన్నీ ఒగటే ట్రాలీలో. ముందర పలకకు ఆనిచ్చి పొట్టేలు. అది జారకుండా పక్కన డేగిసాలు. నడిమిట్ల మొగోళ్లు. ఎనక ఆడోళ్లు, పిల్లోళ్లు."

కాశింబీ అప్పుడు నోరు తెరిచింది. "ఎనక పలక ఉంటాదా బావా?"

"పలక ఏస్తే ఎక్కేకి దిగేకి కష్టం అమ్మీ. తీసేస్తాడు. అడ్డం గొలుసుంటాది, పట్టుకుంటే సాలు."

"పొట్టేలును ఎనక కట్టేస్తే?"

మాబు సాబ్ ఆమెను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. "పోయినేడు యూసుఫ్ సాబ్ వాళ్ల కందూరులో ఏమైంది? కోటేకల్లు కాడ ట్రాలీ ఎగిరి పొట్టేలు కాలిరిగింది. ఐబుండే జీవం, ఒంట్లో కొదవుండే జీవం మొక్కుకు చెల్లదన్న్యాడు దర్గా ముజావరు. నెత్తిన ఎండ పెట్టుకోని ఇంగో పొట్టేలు కోసరం ఊర్లెంట తిరిగినారు."

"ఆ బండిలోనే మా మున్నీ పండ్లు రాలినాయి. అది యాది ల్యా నీకు" అంది షాహిదాబీ.

"పాలపండ్లు గద మే. మల్ల మొలుస్తాయి. పొట్టేలు కాలు మల్ల మొలుస్తాదా?"

అందరూ నవ్వారు. షాహిదాబీ కూడా నవ్వింది. ఆమె కూతురు మున్నీ, తన గురించే మాట్లాడుతున్నారన్న సంతోషంతో, ముందుపళ్లు లేని నోరు తెరిచి అందరికన్నా గట్టిగా నవ్వింది. కాశింబీ మాత్రం ఆ నోట్లోని నల్లటి సందునే చూస్తూ ఉండిపోయింది.

"కాశింబీ" అన్నాడు మాబు సాబ్ లేస్తూ. "ట్రాలీ రేకు నున్నగుంటాది, గిట్టలు నిలబడవు. పొట్టేలుకు ఒక పరుపు కుట్టు. నీ చేతి కుట్టైతే గట్టిగుంటాది."

మరుసటి రోజు ఆమె పొట్టేలును కొలిచింది. రొమ్ము నుంచి తోక దాకా పురికొస పట్టింది. అది మెడ తిప్పి పురికొస కొసను నమలబోయింది. "నీకేం రాజా" అంది దాని మూతిని తోస్తూ. రెండు గోనెసంచులు విప్పి ఒకటిగా కలిపింది. మిల్లు నుంచి జిలాని తెచ్చిన చెత్తదూదిలో గింజ తొక్కలు, ఆకు పొట్టు ఏరింది. మాబు సాబ్ వసారాలో విల్లు వేలాడదీసి ఆ దూదిని ఏకుతుంటే నారి చప్పుడు ఇల్లంతా ధుంయ్ ధుంయ్ మని మోగింది. పొగలా లేచిన దూదిని చేతులతో అణిచి సంచిలో కూరి, పలచబడ్డ చోట మళ్ళీ కూరి, మూలల్లో పిడికిలితో గుద్ది సమం చేసింది. ఆపైన దబ్బనం. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, ప్రతి కుట్టుకూ పురికొసను పంటితో బిగించింది. వేళ్లకు స్పర్శ తప్పినప్పుడు చేయి విదిలించి, తొడకు రుద్దుకుని, మళ్ళీ పట్టింది.

మధ్యలో బిడ్డ ఏడిస్తే పాలిచ్చి, సగం కుట్టిన ఆ పరుపు మీదనే పడుకోబెట్టింది. మౌలాబీ రెండు చేతులూ బార్లా చాపి నిద్రపోయింది. కాశింబీ దబ్బనం పక్కన పెట్టి చాలాసేపు చూసింది. గోనెసంచీ, చెత్తదూదీ, తన కుట్టు. ట్రాలీ ఎంత ఎగిరినా ఇందులో పడుకున్న జీవానికి ఏమీ కాదు. ఆమె లేచి ఇంకొక సంచి తెచ్చి పక్కన అతికింది.

దస్తగిరమ్మ గుమ్మంలోంచి చూసింది. "ఇంత యెడల్పు ఏంటికి?"

"పండుకున్యాక కాళ్లు సాపుతాది గద అత్తా."

"సాపుతాది, సాపుతాది" అంది ముసలామె. ఆమె కళ్లు కోడలి ముఖం మీద ఒక క్షణం ఎక్కువ నిలిచాయి.

*

బుధవారం, అమ్మకానికి కుట్టిన దిండ్లు ఇచ్చి, జిలానికి మిల్లు దగ్గర సద్దిగిన్నె అందించి రావాలని చెప్పి కాశింబీ బిడ్డను చంకనేసుకుని బయల్దేరింది. దిండ్లు అంగట్లో ఇచ్చేసి, అక్కడి నుంచి నేరుగా బస్టాండుకు పోయింది. రెండో తరగతి పరీక్షలకు ముందే బడి మాన్పించారు గనుక బోర్డు మీది అక్షరాలు ఆమెకు ఒక్కొక్కటిగా దొరుకుతాయి. ఎ, మ్మి, గ, నూ, రు. కూడబలుక్కుని ఆ ఎర్రబస్సు పక్కన నిలబడింది.

ఎక్కి చూడాలనిపించింది. ఎక్కింది. సీటు వెనక పట్టుకోవడానికి ఇనుపకడ్డీ ఉంది. కిటికీకి అడ్డం ఊచలున్నాయి. కండక్టరు తలుపు వేసినప్పుడు ధడాలున మూతపడి గడియ పడిన చప్పుడు విని ఆమె గుండె కుదుటపడింది. మూసేస్తారు. బిడ్డ చేయి జారినా ఒళ్ళో పడుతుంది, లేకుంటే కాళ్ల దగ్గర పడుతుంది. రోడ్డు మీద పడదు.

"వచ్చేదానివా, దిగేదానివా?" అన్నాడు కండక్టరు.

"రేపొస్తా. ఇయ్యాల ఊరికే చూసిపోదామని."

"బస్సు చూసేకొచ్చినావా?" అతను నవ్వి తలుపు తీశాడు. "రేపు కూడా ఇట్లే ఉంటాదిలే తల్లీ."

మెట్టు దగ్గర శనక్కాయలు అమ్ముకునే ఉరుకుందమ్మ ఆమెను ఆపింది. ఉరుకుందమ్మ కూతురు పెళ్లికి పరుపు కుట్టింది కాశింబీయే. "యాడికి పోతావు?" అని అడిగి, దర్గా సంగతి విని, "దిగినంక జట్కాలుంటాయి. ముసిలోళ్లు గూడా పోతారు. భయమేమీ ల్యా" అని బిడ్డ గుప్పిట్లో రెండు కాయలు పెట్టింది. బిడ్డ మింగుతుందేమోనని కాశింబీ మూల తిరగ్గానే వాటిని గుప్పిట్లోంచి తీసేసింది.

మిల్లు గేటు దగ్గర జిలానికి అన్నం ఇచ్చే వేళ అయింది. గేటు పక్క అరుగు మీద అతను సద్దిగిన్నె మూత తీశాడు.

"నేనూ పాపా బస్సులో వస్తాం. బావకు సెప్పు" అంది.

అతని చేయి గిన్నెలోనే ఆగింది. "కుదరదు. మొక్కు జీవమూ, మొక్కు బిడ్డా ఒగటే గడప దాటల్ల, ఒగటే బండిలో పోవల్ల. పాప చెయ్యి పొట్టేలు ఈపు మీద పెట్టించి బయల్దేరదీస్తారు. కోసేదాకా ఇడదీయగూడదు. మా ఇంట్లో ముందునుంచీ అంతే."

"పొట్టేలును ఇడిసి పాప పోగూడదా?"

"పోగూడదు."

"పాపను ఇడిసి పొట్టేలు పోవచ్చునా?"

"అదీ పోగూడదు. ఒగటే గద."

"ఒగటే అయితే ఒగటి పలక కాడ పరుపు మీద, ఇంగొగటి గొలుసు కాడనా?"

జిలాని ముద్ద కలిపి గిన్నె అంచుకు పెట్టాడు. మిల్లు లోపల రోలర్ల రొద. "నేను పట్టుకుంటాలే" అన్నాడు.

"నువ్వు నడిమిట్ల మొగోళ్లతో కూచుంటావు. పోయినేడు నన్ను పట్టుకుంటానని గూడా అట్లే అన్న్యావు." ఆమె కుడిచేయి చాపి వేళ్లు ముడవబోయింది. సగం దాకా ముడుచుకుని ఆగిపోయాయి. "చూడు. ఇవి నావి గావు. ఒక్కోసారి నీళ్లు కాగినాయా ల్యాదా గూడా తెలీదు."

అతను ఆ చేతినీ, ఆమె ముఖాన్నీ చూశాడు. గొంతు తగ్గించాడు. "ఎవురికీ సెప్పాకు" అన్నాడు.

ఆమె ఖాళీ గిన్నె తీసుకుని లేచింది. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే చెవిలో ఉంది. చెప్పకపోతే ఎవరికి మంచిది?

*

బేస్తవారం తెల్లారకముందే తిమ్మన్న ట్రాక్టరు వాకిట్లోకి వచ్చి నిలిచింది. ట్రాలీ మూలల్లో నిన్నటి పత్తి పీచు ఇంకా అంటుకుని ఉంది. వెనక పలక లేదు. రెండు కొక్కేలకు ఒక గొలుసు సోలిపోయి వేలాడుతోంది.

దస్తగిరమ్మ పొట్టేలు నుదుటికి గంధం పూసి, మెడలో పూలదండ వేసి, మౌలాబీ అరచేతిని దాని వీపు మీద పెట్టించింది. బిడ్డ ఉన్ని పట్టుకుని లాగింది. పొట్టేలు ఓర్చుకుంది. గడప దాటించి ఊదు వేశారు. కట్టెలు ఎక్కాయి. డేగిసాలు ఎక్కాయి. జిలాని పరుపును మోసుకొచ్చి ముందుపలకకు ఆనించి పరిచాడు. "అబ్బా, నా మంచానికి గూడా ఇట్లాంటిది ల్యా" అన్నాడు తిమ్మన్న.

మాబు సాబ్ పొట్టేలు తాడు విప్పడానికి వంగాడు. అతను నడుం ఎత్తేలోపు కాశింబీ చక్రం మీద కాలు పెట్టి ట్రాలీలోకి ఎక్కింది. కట్టెలు దాటి, డేగిసాలు దాటి, పరుపు మీద కూర్చుంది. వీపు పలకకు ఆనించి, బిడ్డను రెండు కాళ్ల మధ్య పెట్టుకుంది.

మాబు సాబ్ తాడు పట్టుకునే చూశాడు. "లెయ్ అమ్మీ. అది పొట్టేలుకేసింది."

"తెలుసు బావా. నేనే కుట్టినా."

"మరి లెయ్."

"పాపను యాడ కూచోబెట్టల్ల?"

"ఎనక. అందురూ కూచునే తావులో."

"ఆడ పలక ల్యా."

"గొలుసుంది గద."

"గొలుసు పొట్టేలును ఆపదని నువ్వే అంటివి. పాపను ఆపుతాదా?"

సందులోని జనం ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. ఎదురింటి భీమక్క చీపురు పట్టుకునే నిలబడింది. మాబు సాబ్ గొంతులో నవ్వు పోయింది. "పొట్టేలుకు ఐబు తగిల్తే మొక్కు చెల్లదు. ఆ మాత్రం తెలీదా నీకు?"

"పాపకు తగిల్తే చెల్లుతాదా బావా?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఇంతకుముందు ఎవరూ అడగలేదు. జవాబు కోసమన్నట్టు మాబు సాబ్ తల్లి వైపు చూశాడు. దస్తగిరమ్మ తన చెంగు సర్దుకుంటోంది.

"అన్నా, పొద్దెక్కుతాంది" అన్నాడు తిమ్మన్న. "పొట్టేలును నా పక్కన మడ్‌గార్డు మీద కూచోబెట్టు. నాకూ మాట్లాడేకి తోడుంటాది."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. మాబు సాబ్ ముఖం ఎర్రబడింది. "రేయ్ జిలాని, దించు నీ పెండ్లాన్ని."

జిలాని ట్రాలీ ఎక్కాడు. కాశింబీ దగ్గరికి వచ్చాడు. ఆమె అతని కళ్లలోకి చూసింది. అతను ఆమెను చూడలేదు. వంగి పెద్ద డేగిసాను రెండు చేతులా పట్టి, దాని అంచు బిడ్డకు తగలకుండా అవతలికి జరిపి, కదలకుండా కట్టె ముక్క ఒకటి దోపాడు. దిగిపోయి ట్రాక్టరు అవతల నిలబడ్డాడు.

అప్పుడు కాశింబీ చేయి పైకెత్తింది. భీమక్కకు కూడా కనబడేంత ఎత్తుకు. "నా యేళ్లు మొద్దుబారినాయి బావా. దబ్బనం పట్టి. గొలుసు పట్టుకుంటే బిడ్డను పట్టుకోలేను. బిడ్డను పట్టుకుంటే గొలుసు పట్టుకోలేను. నీకు కోపమొస్తే రానీ. నేను లెయ్యను."

భీమక్క చీపురు గోడకు ఆనించి ఇంకో అడుగు ముందుకు వేసింది.

"నాయీ అంతే" అంది షాహిదాబీ.

ఆమె ఆ మాట చాలా మెల్లగా, నేల చూస్తూ అంది. "నాయీ అంతే మే. పోయినేడు మున్నీ చెయ్యి నా చేతిలోనే ఉందనుకున్యా. అది ఎప్పుడు జారిందో నాకు తెలీల్యా." ఆమె మున్నీని చంకల కింద పట్టి ఎత్తి, డేగిసాల మీదుగా కాశింబీకి అందించింది. కాశింబీ అందుకుంది. తర్వాత షాహిదాబీ ఎక్కింది. ఆమె వెనక మిగతా ఆడవాళ్లు పిల్లలను అందిస్తూ, కట్టెలు జరుపుకుంటూ నడిమికి వచ్చేశారు.

మాబు సాబ్ ఇంకా తాడు పట్టుకునే ఉన్నాడు. పొట్టేలు అతని లుంగీ అంచు నమలసాగింది. "సరే" అన్నాడు. "దీన్ని నేనే పట్టుకుంటా. మీకెవురికీ పట్టనప్పుడు నేనే పట్టుకుంటా." పొట్టేలును ఎత్తి ట్రాలీ చివరన దించి, తానూ ఎక్కి, దాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని గొలుసు పట్టుకున్నాడు. మగవాళ్లు చుట్టూ సర్దుకున్నారు. దస్తగిరమ్మ ఎవరినీ చేయి అడగకుండా పాకుతూ ఎక్కి, తాను ఏనాటి నుంచో కూర్చునే ఆ వెనక మూలలోనే కూర్చుంది. కాశింబీ చూసింది. ముందుకు రమ్మని పిలవాలని తోచలేదు. పరుపు మీద చోటు నిండిపోయింది.

ఆరేకల్లు దాకా రోడ్డు బాగానే ఉంది. ఆ తర్వాత గతుకులు మొదలయ్యాయి. పరుపు మీద పిల్లలు ఎగిరి పడి, మళ్ళీ ఎగరాలని కేకలు వేశారు. కోటేకల్లు మలుపు దగ్గర ట్రాలీ ఒక పక్కకు ఎత్తేసింది. వెనక నుంచి "యా అల్లా" అన్న కేక. కాశింబీ బిడ్డను కావలించుకుని వెనక్కి చూసింది. మాబు సాబ్ ఒంటిచేత్తో గొలుసు పట్టుకుని, ఒంటిచేత్తో పొట్టేలు మెడను పొట్టకు అదుముకుని, ఒక కాలు ట్రాలీ బయట ఉండగా వంగిపోయి ఉన్నాడు. జిలాని అతని చొక్కా పట్టి లాగాడు. ఆ తర్వాత దర్గా చేరేదాకా ఎవరూ జోకులు వేయలేదు.

దర్గా ముందు ముజావరు పొట్టేలును చూశాడు. నోరు తెరిచి పళ్లు చూశాడు. చెవులు వెనక్కి మడిచి చూశాడు. నాలుగు కాళ్లూ ఒక్కొక్కటే ఎత్తి గిట్టలు నొక్కి చూశాడు. కొమ్ములు కదిపాడు. చుట్టూ అందరూ మెడలు చాపి నిలబడ్డారు. "ఐబు ల్యా" అన్నాడు. అందరి ముఖాలూ వెలిగాయి.

మాబు సాబ్ కొంచెం దూరంలో వేపచెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. లుంగీ మోకాలి దాకా ఎత్తుకున్నాడు. పిక్క మీద ట్రాలీ రేకు గీసిన గాటు ఉంది, రక్తం పాదం దాకా కారి దుమ్ముతో కలిసింది. ఎవరూ అటు చూడటం లేదు. కాశింబీ బిడ్డను షాహిదాబీకి ఇచ్చి, మూటలోంచి దూది తీసి, పొయ్యి దగ్గర కాల్చి, ఆ మసి అరచేతిలో వేసుకుని పోయింది.

"కాలు ఇట్లపెట్టు బావా."

"ఏమీ గాల్యా."

"ఏమీ గాకపోతే రగతం యాడిది?" ఆమె మసి అద్దింది. అతను పళ్లు బిగించాడు. వేళ్లు సరిగ్గా తెలియక ఆమె కొంచెం గట్టిగానే అద్ది ఉంటుంది.

అతను కాలి వంక చూసుకుంటూ అన్నాడు. "ఆ ఎనక నుంచి రోడ్డు శానా దగ్గరగా కనిపిస్తాది. కాళ్ల కింద ఉరుకుతా ఉంటాది."

"ఊ" అంది కాశింబీ. పొద్దున అన్నది ఒక్క మాటా వెనక్కి తీసుకోవాలని ఆమెకు అనిపించలేదు. మిగిలిన మసి దులిపేసి లేచింది.

*

పుట్టెంట్రుకలు తీశారు. గుండు మీద గంధం పూస్తే మౌలాబీ దాన్ని తడుముకుని నోట్లో పెట్టుకుంది. అన్నాలయ్యాయి. ఎండ వాలింది. ఖాళీ డేగిసాలు తోమి ట్రాలీలో ఎక్కిస్తుండగా కాశింబీ బిడ్డను గుడ్డలో చుట్టుకుని మాబు సాబ్ ముందుకు వచ్చింది.

"పొట్టేలు ల్యా ఇప్పుడు. నేనూ పాపా బస్సులో పోతాం."

అడిగినట్టు లేదు ఆ మాట. మాబు సాబ్ ఆమెను చూడకుండా తిమ్మన్నతో అన్నాడు. "ఆడోళ్లూ పిల్లోళ్లూ బస్సులో పోతారు. నువ్వు స్టాండు దాకా ఇడిసిపెట్టి మెల్లగా రా. సామాను మేం తెస్తాం." షాహిదాబీ అప్పటికే మున్నీకి చెప్పులు తొడుగుతోంది.

ఎమ్మిగనూరు బస్టాండులో అందరూ దిగారు. దస్తగిరమ్మ దిగలేదు. ట్రాలీ చివర, అదే మూల, కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉంది.

"అత్తా, రా. బస్సొచ్చింది."

"మీరు పోండి."

"కిటికీ కాడ కూచుందువు. నేను నిలబడి వస్తా."

"నాకిదే అలవాటు."

"అయితే ముందరన్నా కూచో. పరుపుంది గద, ఎవురూ ల్యారు."

దస్తగిరమ్మ తలెత్తింది. కోపం లేదు ఆ ముఖంలో, కోపమే ఉంటే కాశింబీకి కొంచెం తేలికయ్యేది. "ఈడ కూచున్యాక నాకు తల నెరిసింది. నువ్వట్ల కూచోవాకు, ముందుకు జరుగు అని ఒక్కరూ అనల్యా. నా మొగుడనల్యా, నా కొడుకులనల్యా. పొద్దున నువ్వు గూడా అనల్యా. ఇప్పుడు తావు మిగిలింది గాబట్టి పిలుస్తాండావు. నేను రాను పో."

కండక్టరు ఈల వేశాడు. షాహిదాబీ మెట్టు మీది నుంచి కేకేసింది. కాశింబీ ఒక అడుగు బస్సు వైపు, ఒక అడుగు ట్రాలీ వైపు వేసింది. ఒళ్ళో బిడ్డ ఉంది. బస్సెక్కింది. తలుపు ధడాలున మూతపడింది.

కోటేకల్లు ఇవతల, జొన్నచేల మధ్య, బస్సు ట్రాక్టరును దాటింది. ట్రాలీలో మగవాళ్లు ముందర కూర్చుని ఉన్నారు. మాబు సాబ్ మసి అద్దిన కాలు చాపుకుని నిద్రపోతున్నాడు. చివరన దస్తగిరమ్మ ఒక్కతే. కాశింబీ ఊచలకు ముఖం ఆనించి చూసింది. అత్త వేళ్లు గొలుసు మీద లేవు. గొలుసును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. ఈ కోడళ్లిద్దరికన్నా ముందే, వాళ్లు పుట్టకముందే దబ్బనం పట్టిన చేయి అది. ఆ వేళ్లు ఎప్పుడు మొద్దుబారాయో, ఎన్ని కందూర్లకు ఆమె అట్లా చుట్టుకుని పోయి వచ్చిందో. "అత్తా" అని కాశింబీ అరిచింది. బస్సు ముందుకు పోయింది, ట్రాలీ దుమ్ములో కలిసింది.

ఆదోనిలో దిగి షాహిదాబీ పిల్లలతో ఇంటికి పోయింది. కాశింబీ పోలేదు. బస్సు వచ్చిన దోవనే వెనక్కి నడిచి, ఎమ్మిగనూరు రోడ్డు ఊర్లోకి కలిసే చోట నిలబడింది. బిడ్డను ఎడమచేతికి మార్చుకుంది. సైకిళ్ల వాళ్లను అడిగింది, బండ్ల వాళ్లను అడిగింది. ట్రాక్టరు చూసినారా, ఎనక ఒక ముసలామె కూచోనుంటాది అని. చూశామన్నారు కొందరు. ఆమె ఉందా అంటే, అంత గమనించలేదన్నారు. వెలుతురు తగ్గుతోంది. అవసరమైతే మాబు సాబ్‌ను నిద్ర లేపి అయినా సరే, ఇంకోసారి ఆ పలక లేని ట్రాలీ ఆ వాకిట్లోకి రాకుండా చూడాలని ఆమె అక్కడే నిలబడి నిశ్చయించుకుంది. కానీ అది రేపటి సంగతి.

మీలో ఎవరైనా ఈ పూట ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వస్తుంటే, దోవలో నెమ్మదిగా వచ్చే ట్రాక్టరు ఒకటి కనిపిస్తుంది. ట్రాలీ చివర ఉన్నామె పేరు దస్తగిరమ్మ. పెద్దమ్మా అంటే పలుకుతుంది. పక్కగా వచ్చి ఎట్లా ఉందో ఒకసారి చూడండి. ముందుకు జరిగి కూర్చోమని చెప్పండి. వినదు. మళ్ళీ చెప్పండి.